వాయిదా వేసిన పనులు ఎక్కడికి పోతాయి? ఆమ్నీఫోకస్‌లో వాటికోసం వ్యూలు అమర్చుకోవడం ఎలా

సంక్రాంతికి జనవరి 12న ఊరెళ్లాలి. రైలు రిజర్వేషన్ ప్రయాణ దినాన్ని వదిలేసి 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకి తెరుచుకుంటుంది. లెక్కేస్తే నవంబర్ 13. ఈ సంగతి ఆగస్టులోనే గుర్తొచ్చి టాస్క్ మేనేజర్‌లో రాసుకున్నారనుకోండి. అప్పటినుంచి మూడు నెలలపాటు అది రోజూ కళ్ల ముందే ఉంటుంది, చేయడానికి మాత్రం వీలుండదు. ఇలాంటివి ఓ ముప్పై పోగయ్యాక జాబితా తెరవాలంటేనే విసుగొస్తుంది.

దీనికి మందు డిఫర్ తేదీ. ఆ తేదీ వచ్చేదాకా పని కనపడదు. అయితే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నెల తిరిగేసరికి లోపల ఏమేం దాచామో గుర్తుండదు, అనుమానం మొదలవుతుంది, మళ్లీ అన్నీ కనపడే జాబితాకే వెళ్లి కూర్చుంటారు. పనిని దాచడానికి తేదీ ఒక్కటి చాలు. దాచినదాన్ని నమ్మాలంటే మాత్రం వ్యూలు కావాలి: ఇప్పుడు చేయగలిగినవి చూపేది ఒకటి, నిద్రలో ఉన్నవి చూపేది ఒకటి, నిన్నో ఇవాళో నిద్ర లేచినవి చూపేది ఒకటి. వీటికి తోడు ప్రమాదం కనిపెట్టే చిన్న వ్యూ ఇంకొకటి.

ఇక్కడ చెప్పేది ఆమ్నీఫోకస్ 4 అనే టాస్క్ మేనేజర్ యాప్ గురించి. మ్యాక్, ఐఫోన్, ఐప్యాడ్‌లలో నడుస్తుంది. సొంత వ్యూలు, అంటే కస్టమ్ పర్‌స్పెక్టివ్‌లు చేసుకోవాలంటే ప్రో వెర్షన్ ఉండాలి. కొనేముందు రెండు వారాల ట్రయల్‌లో ఇవన్నీ చేసి చూడొచ్చు. ఆండ్రాయిడ్ వాడేవాళ్లకి చివర్లో కొంత ఉంది.

ముందు తేదీలు సరిగ్గా పెట్టాలి

వ్యూ ఎంత బాగా కట్టినా తేదీలు తప్పైతే అది తప్పే చూపిస్తుంది. ఆమ్నీఫోకస్‌లో ఒక పనికి మూడు రకాల తేదీలు పెట్టొచ్చు. డిఫర్ అంటే అంతకుముందు చేయడం కుదరదని. డ్యూ అంటే అది దాటితే నష్టమని. 2025లో వచ్చిన 4.7 వెర్షన్‌తో ప్లాన్డ్ అనే మూడోది చేరింది: ఆ రోజు చేద్దామని మీరు అనుకున్న తేదీ. ఇది పనిని దాచదు, దాటిపోతే గడువు మీరినట్టు లెక్కా కాదు.

ఆదాయపు పన్ను రిటర్న్ తీసుకోండి. ఉద్యోగులకి ఫారం 16 జూన్ 15 లోగా ఇవ్వాలి, రిటర్న్‌కి మామూలు గడువు జూలై 31. కాబట్టి డిఫర్ జూన్ 16, డ్యూ జూలై 31, ఏదో ఒక ఆదివారం కూర్చుని చేద్దామనుకుంటే ప్లాన్డ్ జూలై 5. ప్లాన్డ్ లేని రోజుల్లో జనం ఆ జూలై 5ని డ్యూలో పెట్టేవాళ్లు. అది దాటి ఎర్రబడేది, ఏమీ కాలేదు కదా అని వదిలేసేవాళ్లు. అలా నాలుగుసార్లయ్యాక ఎరుపంటే లెక్క లేకుండా పోయేది. దొంగ గడువులు పెట్టుకునే అలవాటుంటే కింది వ్యూలు కట్టేముందే వాటిని తీసేయండి.

డిఫర్ పెట్టే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: అంతకుముందు చేయడం కుదరదా, లేక ఇప్పుడు చేయబుద్ధి కావట్లేదా? కుదరకపోతే డిఫర్. బుద్ధి కాకపోతే ప్లాన్డ్, లేదా ఆన్ హోల్డ్, అంటే తేదీ లేకుండా పక్కన పెట్టడం. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ నవంబర్ 1 నుంచి 30 లోపు ఇవ్వాలి, 80 ఏళ్లు దాటినవాళ్లకి అక్టోబర్ 1 నుంచే వీలుంది. అది సిసలైన డిఫర్. బీరువా సర్దడం కాదు.

డిఫర్ తేదీ గబగబా పెట్టడానికి క్యాలెండర్ తిప్పక్కర్లేదు. తేదీ గడిలో 2 అంకె, పక్కనే ఇంగ్లిష్ డబ్ల్యూ కొడితే రెండు వారాలు. డి కొడితే రోజులు, ఎం కొడితే నెలలు. వారంలో ఏదైనా రోజు పేరులో మొదటి మూడు ఇంగ్లిష్ అక్షరాలు కొడితే రాబోయే ఆ రోజు.

ఇక సమయం. సెట్టింగ్స్‌లో తేదీలు, సమయాల పేజీకి వెళ్లి డిఫాల్ట్ డిఫర్ సమయం చూడండి. మీరు మార్చకపోతే అర్ధరాత్రి 12 ఉంటుంది, డ్యూకి సాయంత్రం 5. అర్ధరాత్రి అలాగే ఉంచడం మంచిది, తెల్లారేసరికి ఆ రోజు పనులన్నీ సిద్ధంగా ఉంటాయి. దీన్ని ఉదయం 9కి మార్చి, 7 గంటలకి జాబితా చూసుకుని, ఇవాళ్టి పనులేవీ రాలేదేంటని వెతుక్కునేవాళ్లు ఉన్నారు. టికెట్ లాంటి పనికి మాత్రం సమయం చేత్తో పెట్టండి: డిఫర్ నవంబర్ 13 ఉదయం 7:30, డ్యూ 8:00. ఆ పనికి నోటిఫికేషన్ కూడా విడిగా పెట్టండి. డిఫర్ తేదీ పనిని జాబితాలోకి తెస్తుందంతే, తలుపు తట్టడం దాని పని కాదు.

విదేశాల్లో ఉండి అమ్మానాన్నలకి టికెట్లు తీసేవాళ్లు ఇంకో మీట చూడాలి, ఫ్లోటింగ్ టైమ్ జోన్. అది ఆన్‌లో ఉంటే మీరు ఎక్కడుంటే అక్కడి గడియారం ప్రకారం తేదీ నడుస్తుంది. హైదరాబాద్‌లో రాసుకున్న ఉదయం 7:30 న్యూజెర్సీ చేరాక అక్కడి ఉదయం 7:30 అవుతుంది. నవంబర్ 13 ఉదయం 8కి ఇక్కడ బుకింగ్ తెరిచినప్పుడు అక్కడ 12వ తేదీ రాత్రి 9:30. అంటే పని నిద్ర లేచేసరికి పది గంటలు దాటిపోయి ఉంటుంది, టికెట్ల మాట చెప్పక్కర్లేదు. ఇలాంటి పనులకి ఫ్లోటింగ్ ఆపేయండి. మాత్ర వేసుకోవడం, నడకకి వెళ్లడం లాంటివాటికి ఉంచండి.

మొదటి వ్యూ: ఇప్పుడు చేయగలిగినవి

మ్యాక్‌లో పైనున్న పర్‌స్పెక్టివ్స్ మెనూ నుంచి, ఫోన్‌లో పర్‌స్పెక్టివ్‌ల జాబితా నుంచి కొత్తది జోడించండి. పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు. "ఇప్పుడు" అని పెడదాం.

1. నియమాల్లో పైన "కిందివన్నీ వర్తించాలి" అనే అర్థం వచ్చే ఆల్ ఎంచుకోండి.
2. అవైలబిలిటీ నియమం చేర్చి అవైలబుల్ పెట్టండి. ఈ ఒక్కదాంతోనే డిఫర్ తేదీ ఇంకా రానివి, వరసలో ముందుపని అవ్వనివి, ఆన్ హోల్డ్‌లో ఉన్నవి అన్నీ తప్పుకుంటాయి.
3. ప్రదర్శన ప్రాజెక్టులవారీగా కాకుండా ఇండివిడ్యువల్ యాక్షన్స్ అని పెట్టి, ట్యాగ్ ప్రకారం గుంపు చేయండి. లోపల వరస డ్యూ తేదీ ప్రకారం.

ఇందులో తరచు పొరబాటయ్యేది రెండో మెట్టే. అవైలబుల్ బదులు రిమైనింగ్ పెడితే పూర్తికానివన్నీ వస్తాయి, డిఫర్ చేసినవాటితో సహా. "డిఫర్ చేసినా ఇంకా కనపడుతోంది" అనే ఫిర్యాదుకి చాలాసార్లు కారణం ఇదే. ఇక మిగిలేది క్లీన్ అప్. వ్యూలో ఉండగా ఒక పనికి తేదీ మారిస్తే అది వెంటనే మాయం కాకపోవచ్చు. పొరపాటైతే దిద్దుకునే వీలుండాలని యాప్ దాన్ని అలాగే ఉంచుతుంది. మ్యాక్‌లో కమాండ్, కె కలిపి కొడితే వ్యూ శుభ్రమవుతుంది. వేరే వ్యూకి వెళ్లి వచ్చినా అంతే.

తేదీ చెప్పలేని వాయిదాలు కూడా ఉంటాయి: మేస్త్రీ ఫోన్ చేశాక చేయాల్సింది, జీతం పెరిగాక కొనాల్సింది. వీటికి ఊహించి తేదీ పెట్టొద్దు. "ఎదురుచూపు", "ఎప్పుడైనా" అని రెండు ట్యాగులు చేసి, ఎప్పుడైనా ట్యాగ్ స్టేటస్‌ని ఆన్ హోల్డ్ చేయండి. ఆ ట్యాగ్ తగిలించిన ప్రతి పనీ అవైలబుల్ లెక్కలోంచి దానంతటదే తప్పుకుంటుంది. ఎదురుచూపుని మాత్రం ఆన్ హోల్డ్ చేయకపోవడమే మేలు. వారానికోసారైనా "ఏమైంది?" అని అడగాలి కాబట్టి దానికి చిన్న డిఫర్, అయిదు రోజులో వారమో పెట్టండి.

రెండో వ్యూ: నిద్రలో ఉన్నవి

అసలు ప్రాణం ఈ వ్యూలో ఉంది. దీన్ని రోజూ చూడక్కర్లేదు, వారానికోసారి చాలు. కానీ ఇది ఉందన్న ధైర్యంతోనే మిగతా రోజుల్లో డిఫర్ నిశ్చింతగా కొట్టగలుగుతారు.

1. ఆల్ కింద, అవైలబిలిటీ: రిమైనింగ్.
2. తేదీ నియమం చేర్చి, డిఫర్ తేదీ వచ్చే 6 నెలల్లో ఉన్నవి అని పెట్టండి.
3. డిఫర్ తేదీ ప్రకారం గుంపు చేయండి, లోపల వరస కూడా అదే.

తేదీ నియమం బదులు "డిఫర్ తేదీ ఉన్నవి" అనే సులువైన నియమం పెట్టి, కింద నన్ గుంపులో (అందులో ఉన్నవేవీ వర్తించకూడదని అర్థం) అవైలబుల్ పెట్టి సరిపెట్టేవాళ్లుంటారు. అంటే డిఫర్ తేదీ ఉండి, ఇప్పుడు చేయలేనివి. పైకి సరిగ్గానే ఉంది, కానీ ఇందులో చెత్త చేరుతుంది. డిఫర్ తేదీ ఎప్పుడో దాటిపోయి, వేరే పని అడ్డున్నందువల్ల ఆగినవి కూడా వచ్చేస్తాయి. అవి నిద్రలో లేవు, క్యూలో ఉన్నాయి. రెంటినీ కలిపి చూస్తే దేని సంగతీ తేలదు. ఆరు నెలల తేదీ నియమమే వాడండి. ఆరు నెలలకి మించి డిఫర్ చేసేవి ఎక్కువుంటే, పాస్‌పోర్ట్ రెన్యువల్ లాంటివి, రెండేళ్లకి పెంచుకోండి.

ఈ వ్యూ తెరిచినప్పుడు గుంపుల పొడవు చూడండి. ఏదో ఒక సోమవారం కింద 11 పనులు, మిగతా రోజుల్లో ఒకటీ రెండూ ఉంటే, "వచ్చేవారం" అని కళ్లు మూసుకుని కొట్టిన డిఫర్‌లన్నీ అక్కడ పడ్డాయన్నమాట. ఒకటో తేదీ కూడా అలాంటి గుంటే. ఆ రోజు పొద్దున్న 11 పనులు ఒక్కసారి లేచి నిలబడితే మీరు చేసేది అన్నింటినీ మళ్లీ వచ్చే సోమవారానికి తోయడం. ముందే వ్యూలోంచి నాలుగైదింటిని ఎంచి, అటూఇటూ సర్దండి. మ్యాక్‌లో ఒకేసారి కొన్నింటిని ఎంచుకుని, పని వివరాలు చూపే ఇన్‌స్పెక్టర్‌లో తేదీ మారిస్తే అన్నిటికీ మారుతుంది.

వరస ప్రాజెక్టులో పడే గొయ్యి

సంక్రాంతి ప్రయాణం అనే ప్రాజెక్టు చేసి, అందులో మొదట "టికెట్లు తీయాలి", తర్వాత "ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ధృవీకరణ అయిందో చూడాలి", "ఎవరెవరు వస్తున్నారో అడగాలి", "తిరుగు టికెట్లు" అని రాశారనుకోండి. ప్రాజెక్టు రకం సీక్వెన్షియల్, అంటే ఒకటి అయ్యాకే ఇంకొకటి. మొదటిది నవంబర్ 13కి డిఫర్ అయింది. అంతే, దాని వెనకున్నవన్నీ ఆగిపోతాయి. వాటికి ఏ తేదీ లేకపోయినా ఒక్కటీ "ఇప్పుడు" వ్యూలోకి రాదు. డిఫర్ తేదీ లేదు కాబట్టి "నిద్రలో ఉన్నవి"లోనూ కనపడదు. రెండు వ్యూల మధ్య సందులో పడిపోతుంది. ఆధార్ సంగతి 13వ తేదీ 8 గంటలకే తెలుస్తుంది.

ప్రాజెక్టుని ప్యారలల్‌కి, అంటే ఏ పనైనా ముందు చేయగలిగే రకానికి మార్చండి. నిజంగా ఒకదాని మీద ఒకటి ఆధారపడేవి రెండే ఉంటే వాటిని మాత్రం ఒక గుంపు చేసి ఆ గుంపుని సీక్వెన్షియల్ చేయండి. ఈ ఉదాహరణలో అన్నీ విడివిడివే. తిరుగు ప్రయాణం జనవరి 17 అయితే దాని బుకింగ్ నవంబర్ 18న తెరుచుకుంటుంది, కాబట్టి దానికి దాని సొంత డిఫర్.

ప్రాజెక్టుకే డిఫర్ పెట్టడం ఇలాంటి ఇంకో తప్పు. పెట్టొచ్చు, కానీ లోపలి పనులన్నీ ఆ తేదీకి కట్టుబడతాయి. లోపలి పనికి అంతకంటే ముందు తేదీ ఇచ్చినా అది లేవదు. ఆ రోజు వచ్చాక మాత్రం అన్నీ కలిసి లేస్తాయి.

మూడో వ్యూ: నిద్ర లేచినవి

నవంబర్ 13న టికెట్ పని "ఇప్పుడు" వ్యూలోకి వస్తుంది. అక్కడ అప్పటికే 60 పనులున్నాయి. కొత్తగా వచ్చిందని దాని మొహం మీద రాసి ఉండదు. అందుకే ఈ చిన్న వ్యూ.

నియమాలు రెండే: అవైలబుల్, డిఫర్ తేదీ గత 3 రోజుల్లో ఉన్నవి. గుంపులేమీ వద్దు, డిఫర్ తేదీ ప్రకారం వరస. పొద్దున్నే దీన్ని తెరిచి, ఒక్కో పనికీ నాలుగింట్లో ఒకటి చేయాలి: చేసేయడం, ఇవాళ్టికి ఫ్లాగ్ పెట్టడం, కొత్త డిఫర్ ఇవ్వడం, లేదా డ్రాప్ చేయడం, అంటే ఇక చేయనని వదిలేయడం. మూడు రోజులు ముట్టుకోకపోతే అది ఈ వ్యూలోంచి జారి "ఇప్పుడు" గుంపులో కలిసిపోతుంది. వారాంతాల్లో యాప్ ముట్టని అలవాటైతే 3ని 5 చేసుకోండి. పది చేయొద్దు, అప్పుడిది "ఇప్పుడు"కి తమ్ముడవుతుంది.

ఒక పనిని ఎన్నిసార్లు వాయిదా వేశారో ఆమ్నీఫోకస్ లెక్క పెట్టదు. దానికో నాటు పద్ధతి ఉంది: డిఫర్ చేసిన ప్రతిసారీ పని పేరు చివర ఒక చుక్క గుర్తు పెట్టండి. మూడు చుక్కలు పడ్డ పని మళ్లీ లేచినప్పుడు నాలుగో డిఫర్ ఇవ్వకూడదని నియమం పెట్టుకోండి. అలాంటిది సాధారణంగా పని రూపంలో ఉన్న ప్రాజెక్టు. "డెంటిస్ట్" అని రాసుంటుంది. "క్లినిక్‌కి ఫోన్ చేసి శనివారం అపాయింట్‌మెంట్ అడగాలి" అని మార్చి చూడండి, కదులుతుంది. అప్పటికీ కదలకపోతే ఆన్ హోల్డ్ ట్యాగ్.

నాలుగోది: గడువు దగ్గరపడినా దాక్కున్నవి

హైదరాబాద్‌లో ఏప్రిల్ 30 లోపు ఏడాది ఆస్తిపన్ను మొత్తం కట్టేస్తే జీహెచ్ఎంసీ 5 శాతం రాయితీ ఇస్తుంది. ఏప్రిల్ 1న పని లేచింది, బిజీగా ఉండి పది రోజులు డిఫర్ కొట్టారు, మళ్లీ పది రోజులు, మళ్లీ పది రోజులు. మూడో డిఫర్‌తో అది మే 1కి పోయింది, అంటే గడువు దాటాకే లేస్తుంది. ఇలాంటివి పట్టుకోవడానికి: రిమైనింగ్, డ్యూ తేదీ వచ్చే 10 రోజుల్లో, నన్ గుంపులో అవైలబుల్. టికెట్ లాంటి, గడువుకి కాస్త ముందే లేవాల్సినవి తప్ప ఈ వ్యూ ఖాళీగా ఉండాలి. ఇందులో ఇంకేదైనా కనపడిందంటే దాని డిఫర్ తీసేయండి, లేదా దానికి అడ్డున్న పని ఏదో చూడండి. వారానికి రెండుసార్లు చూస్తే చాలు.

యాప్‌తోనే వచ్చే, రోజులవారీగా చూపే ఫోర్‌కాస్ట్ వ్యూ ఆప్షన్లలోనూ డిఫర్ అంశాలు చూపించమనే ఎంపిక ఉంది. ఆన్ చేస్తే ప్రతి రోజు కింద ఆ రోజు లేచేవి కనపడతాయి. క్యాలెండర్‌తో కలిపి చూసే అలవాటున్నవాళ్లకి అది బాగుంటుంది. డిఫర్‌లు ఎక్కువగా వాడేవాళ్లకి మాత్రం ఫోర్‌కాస్ట్ కిక్కిరిసిపోతుంది.

తిరిగొచ్చే పనులు

రిటర్న్ దాఖలు లాంటి ఏటా వచ్చే పనికి రిపీట్ పెట్టేటప్పుడు అది అసలు తేదీ నుంచి లెక్కించాలా, పూర్తి చేసిన రోజు నుంచా అన్నది చూడండి. జూలై 10న దాఖలు చేశారు. పూర్తి చేసిన రోజు నుంచి ఏడాది అని ఉంటే వచ్చే ఏడు జూలై 10కి లేస్తుంది, దాదాపు నెల రోజులు ఆలస్యం. ఆ పై ఏడు ఇంకా వెనక్కి పోతుంది. ప్రభుత్వం, బ్యాంకు, బీమా తేదీలున్నవాటికి ఎప్పుడూ అసలు తేదీ నుంచే. వాటర్ ఫిల్టర్ క్యాండిల్ మార్చడం, జుట్టు కత్తిరించుకోవడం లాంటివి పూర్తి చేసిన రోజు నుంచి.

ఆండ్రాయిడ్‌లో అయితే

టాస్క్స్ డాట్ ఆర్గ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌లో స్టార్ట్ డేట్ ఉంది, డిఫర్‌లాగే పనిచేస్తుంది. జాబితా మెనూలో మొదలుకాని పనులు చూపించాలా వద్దా అనే మీట ఉంటుంది. దాన్ని ఆపేస్తే అదే మీ "ఇప్పుడు", ఆన్ చేసి స్టార్ట్ డేట్ ప్రకారం వరస పెడితే అదే "నిద్రలో ఉన్నవి". ఒక్క మీటతో రెండు వ్యూలు.

టోడూయిస్ట్ అనే ఇంకో యాప్‌లో దాచే తేదీ లేదు. మామూలు తేదీని మొదలుపెట్టే రోజుగా వాడి, అసలు గడువుని డెడ్‌లైన్ గడిలో పెట్టుకోవాలి. టుడే వ్యూలోనే పని చేస్తే భవిష్యత్ తేదీలున్నవి అడ్డురావు. ప్రాజెక్టు తెరిస్తే మాత్రం అన్నీ కనపడతాయి. అది నచ్చకపోతే టుడే, ఓవర్‌డ్యూ, నో డేట్ అనే మూడు మాటల మధ్య నిలువు గీతలు పెట్టి ఒక ఫిల్టర్ రాసుకోండి. ఆ మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఈ పద్ధతిలో మొదలుపెట్టే రోజు దాటగానే పని ఓవర్‌డ్యూ ఎరుపులోకి మారుతుంది. అసలు గడువు ఇంకా ఉన్నా సరే. ఎరుపు అంటే ఇక్కడ "లేచింది" అని మాత్రమే అర్థం, గడువు ఎప్పుడో తెలియాలంటే డెడ్‌లైన్ గడి చూడాలి.